రెండు తీరాల జెలింకా

మెట్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు పోట్లాడుకుంటున్నారు. ఒకరిది ముసలి గొంతు, ఎండిన మొక్కజొన్న ఆకుల్లా గరగరలాడుతోంది. ఒకరిది పదహారేళ్ళ పిల్ల గొంతు, ప్రతి మాటా చివరికొచ్చేసరికి గాలిపటంలా పైకి లేస్తోంది. మూడోది అచ్చం బాతు గొంతు, కాకపోతే ఇంటద్దె కట్టి బతుకుతున్న బాతు. నా దువ్వెన ఎవరు తీశారని ముసలామె. నీకు జుట్టు ఎక్కడుందని పిల్ల. కాస్త నోళ్ళు ముయ్యండి, కింద వాటా వాళ్ళు భోంచేస్తున్నారని బాతు.

తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చింది ఒక్క మనిషే. పొట్టిగా, గుండ్రంగా, నల్లకోటు భుజాల మీద కరగని మంచుతో వచ్చింది. నన్ను చూసి తుమ్మింది. ఆ తుమ్ము నాలుగో మనిషిది.

బ్లాజెనా వోండ్రాని నేను మొదట విన్నాను, తరవాత చూశాను. ఆమెను ఎరిగిన దేశమంతా విన్నదే తప్ప చూడలేదు కాబట్టి, నాకు ఒకటి ఎక్కువే దక్కింది.

అది షికాగోలో, నది ఒడ్డున ఉన్న భవనంలో, పై అంతస్తు రేడియో స్టూడియో. నా పని నాటకాలకి చప్పుళ్ళు చెయ్యడం. ఒక చట్రంలో బిగించిన తలుపు, గొలుసు, గంట, మంచు మీద నడకకి మొక్కజొన్న పిండి నింపిన తోలుసంచి, ఇవీ నా సామాను. సంచిని పిడికిలితో నొక్కితే జనవరి వీధి వినిపించేది. బ్లాజెనా మొదటి రోజే నాకు తలుపులయ్య అని పేరు పెట్టింది. నా అసలు పేరు ఆమెకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

బ్లాజెనా పద్దెనిమిదో వీధిలో పుట్టింది. అక్కడ రొట్టెల కొట్టు బోర్డు నుంచి చర్చి గంట దాకా అన్నీ చెక్ భాషలోనే మాట్లాడేవి. తండ్రి బీరు పీపాలు చేసేవాడు, తొందరగా పోయాడు. తల్లి అనేష్కా పెద్దింటి మగవాళ్ళ కాలర్లకు గంజి పెట్టి ఇస్త్రీ చేసేది. బ్లాజెనా మిఠాయి కర్మాగారంలో చాక్లెట్లకు కాగితాలు చుట్టే వరసలో కూర్చునేది. ఆ వరసలో కబుర్లు నిషేధం. అందుకని ఆమె తన గొంతుతో మాట్లాడటం మానేసి మేస్త్రీ గొంతుతో మాట్లాడేది. మేస్త్రీ ఎక్కడున్నాడో తెలియక అమ్మాయిలు వణికిపోయేవాళ్ళు, తెలిశాక పొట్టలు పట్టుకునేవాళ్ళు. ఒకరోజు మేస్త్రీ కూడా విన్నాడు. అలా ఆ పని పోయింది. రేడియోలో ఏడ్చే పసిబిడ్డ కావాలన్నారని ఎవరో చెబితే వెళ్ళి ఏడ్చింది, అక్కడే ఉండిపోయింది.

నేను చేరేనాటికి ఆమె మిసెస్ జెలింకా. సబ్బు కంపెనీ వాళ్ళ సాయంకాలపు హాస్యనాటకంలో మిసెస్ పెటిగ్రూ అనే ఆవిడ ఒక వసతిగృహం నడుపుతుంది. మేడ మీద గదిలో జెలింకా ఉంటుంది. అద్దెకి బదులు ఇంటిల్లిపాది బట్టలూ ఉతుకుతుంది. ఉతికినంతసేపూ ఎదురు చెబుతుంది. అంతే కథ. దుప్పటికి ఈ చిరుగు ఎలా పడిందని పెటిగ్రూ నిలదీస్తే, "దానికి నేను ఉతక్కముందే వయసు మీద పడిందమ్మగారూ. మనిద్దరికీ పడలా, అట్టాగే," అనేది జెలింకా. ఆమె రేఫలు ఏటి అడుగున గులకరాళ్ళలా దొర్లేవి. ఆ గొంతు బ్లాజెనా ఎక్కడా వెతుక్కోలేదు. అది వాళ్ళమ్మది. ఆమె చేసిందల్లా దానికి ఇంగ్లీషు నేర్పడమే.

మా పనిలో ఒక వింత ఉండేది. ఆ రోజుల్లో నాటకాన్ని ముందే రికార్డులో పట్టి ఉంచి తరవాత వినిపించడాన్ని మోసం కింద లెక్క కట్టేవాళ్ళు. అంతా అప్పటికప్పుడు, ఊపిరితో సహా వెళ్ళాలి. కాని తూర్పున చీకటి పడే వేళకి పడమట ఇంకా ఎండ ఉంటుంది. అందుకని ఒకే నాటకాన్ని ఒకే సాయంత్రం రెండుసార్లు ఆడేవాళ్ళం. మొదటిది తూర్పుకీ, మా ఊరికీ. మూడు గంటల తరవాత రెండోది కొండలకీ, కొండల అవతల సముద్రం దాకా. మధ్యలో అందరూ భోజనానికి వెళ్ళేవాళ్ళు. బ్లాజెనా ట్రాము ఎక్కి ఇంటికి వెళ్ళి, తల్లి చేతి పిండి ఉండలూ, సోపుగింజలు వేసిన పుల్లటి క్యాబేజీ తిని తిరిగొచ్చేది. రెండోసారి ఆమె గొంతులో సోపుగింజల వాసన ఉంటుందని నాకు ఎప్పుడూ అనిపించేది.

ఇంకొకటి, కాగితాలు. మైకు ముందు కాగితం తిప్పితే ఆ చప్పుడు దేశమంతా వినిపిస్తుంది. అందుకని చదివేసిన పుటని తిప్పరు, వేళ్ళ మధ్యనుంచి జారవిడుస్తారు. అది గాలిలో ఊగుతూ తివాచీ మీద వాలుతుంది. నాటకం అయ్యేసరికి అందరి పాదాల చుట్టూ తెల్లగా పేరుకునేది. ఆడేసిన మాట మళ్ళీ చేతికి రాదని అందరికీ తెలుసు.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది చలికాలంలో సబ్బు కంపెనీ తరఫు మనిషి క్లిఫర్డ్ థార్న్ ఒక కోరికతో వచ్చాడు. మర్యాదస్తుడు, చేతి తొడుగులు కూడా మడతపెట్టి జేబులో పెట్టుకునే రకం. సబ్బు కొనే ఇల్లాళ్ళు కొందరు నొచ్చుకున్నారట. తమ ఇళ్ళలో పనిమనుషులు ఈమధ్య జెలింకాలా ఎదురు చెబుతున్నారట. జెలింకాని తీసెయ్యమనలేదు. నవ్వు వస్తోంది కదా, ఉండనివ్వండి, కాని ఒక్కసారి వంగాలి, అన్నాడు. వంగితే అందరికీ మనసు కుదుటపడుతుందన్నాడు.

రచయిత ఎమెట్ లోఫ్‌గ్రెన్ మంచివాడు. మంచితనం వల్లే పొట్టలో పుండు ఉండేది. ఆయన శుక్రవారానికి రాసుకొచ్చాడు. పెటిగ్రూ ఉంగరం పోతుంది. జెలింకా మీద అనుమానం. జెలింకా తీయలేదని శ్రోతలకి తెలుసు. అయినా గది పోతుందన్న భయంతో ఆమె కాళ్ళ మీద పడి తప్పు నాదేనంటుంది. రాతలో పక్కన కుండలీకరణంలో, ముక్కు చీదుతూ, అని కూడా ఉంది.

బ్లాజెనా చదివి, జెలింకా తీయనప్పుడు తప్పెందుకు ఒప్పుకుంటుందని అడిగింది. నవ్వు కోసమన్నాడు ఎమెట్, బూట్ల వంక చూస్తూ. శుక్రవారం మొదటి ఆటలో ఉన్నది ఉన్నట్టు చదివింది. "క్షమించండి అమ్మగారూ, నాదే తప్పు, గది మాత్రం తీసెయ్యకండి." ముక్కు కూడా చీదింది. నాటకం చూడ్డానికి స్టూడియోకే వచ్చి మడతకుర్చీల్లో కూర్చున్న జనం బాగా నవ్వారు. కాని రోజూ వచ్చే నవ్వు నేల నుంచి లేచి గది కప్పుని తాకేది. ఇది పై నుంచి కిందికి రాలింది. ఇంజనీరు కూర్చునే అద్దాల గదిలో థార్న్ వేలితో ముక్కు కొన తాకి చూపించాడు. మా సైగల్లో అంతా సరిగ్గా ఉందని దానర్థం.

ఆ సాయంత్రం భోజనం దగ్గర జరిగింది బ్లాజెనా తిరిగొచ్చాక నాకు చెప్పింది, కోటు కూడా విప్పకుండా.

వాళ్ళమ్మకి ఇంగ్లీషు రాదు. ఇరవై ఏళ్ళు కాలర్లకి గంజి పెట్టినా ఆ కాలర్లు ఆమెతో మాట్లాడలేదు. కూతురి నాటకం రోజూ వినేది, మాటల కోసం కాదు, గొంతు కోసం. వంటింట్లో రేడియో పక్కన కుర్చీ వేసుకుని, కూతురు ఈరోజు బాగుందా, జలుబు తగ్గిందా, అలిసిపోయిందా అని వినేది. ఆ శుక్రవారం కంచం ముందు పెట్టి, తాను కూర్చోకుండా నిలబడే అడిగిందట.

"ఏమే, ఇవాళ ఎవర్ని అడుక్కున్నావు?"

నాటకమమ్మా, అంది కూతురు. జనం నవ్వారు కదా, విన్లేదా, అంది. విన్నాను, అంది తల్లి. కంచంలో ఉండలు చల్లారిపోయాయి.

"ఒక్క ముక్క అర్థం కాలేదు తలుపులయ్యా, ఆవిడకి. అయినా మొత్తం అర్థమైంది," అంది బ్లాజెనా. తరవాత కోటు విప్పి, చేతి గాజు తీసి నా బల్ల మీద పెట్టింది. మైకు దగ్గర అది గలగలలాడకూడదు.

రెండో ఆట మొదలైంది. పెటిగ్రూ వేసేది కొర్డీలియా హేన్స్, నాటకశాలల్లో ముప్పై ఏళ్ళు నలిగిన మనిషి. ఆమె ఉంగరం పోయింది, గొంతు పెరిగింది. నేను తలుపు వేశాను. "ఏం జెలింకా, ఏమంటావు?" అంది కొర్డీలియా. అదీ మాట అందించడం. అందుకోవలసింది బ్లాజెనా.

బ్లాజెనా కాగితం చూస్తూ పెదవులు మూసుకుంది.

రేడియోలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో బయటివాళ్ళకి తెలియదు. ఇంట్లో మౌనానికి గోడలుంటాయి, గడియారం ఉంటుంది. దీనికి ఏమీ ఉండవు. అది తీగల మీదుగా మంచు మైదానాలు దాటి, గోధుమ నేలలు దాటి, కొండలెక్కి దిగి, సముద్రం ఒడ్డున దీపాలు పెట్టుకుంటున్న ఇళ్ళలోకి వెళ్ళి నిలబడుతుంది. రేడియో చెడిపోయిందేమోనని జనం లేచి చెయ్యి చాస్తారు. సబ్బు కంపెనీ ప్రతి క్షణాన్నీ కొనుక్కుంది, అందులో ఒక్క క్షణం ఖాళీగా పోయినా వాళ్ళకి ప్రాణం పోయినట్టే. థార్న్ అద్దం వెనక లేచి వేలితో గొంతు కోసి చూపించాడు. ఆపెయ్యమని. ఇంజనీరు చెయ్యి మీట మీదే ఉంది. కాని ఆపితే వచ్చేది ఏమిటి? ఇదే నిశ్శబ్దం, ఇంకాస్త ఎక్కువ. ఇంజనీరు థార్న్ వంక అయోమయంగా చూశాడు.

"జెలింకా, నిన్నే," అంది కొర్డీలియా.

మౌనం.

"నువ్వు వింటున్నావని నాకు తెలుసు."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత వాళ్ళ వెనక. నవ్వు ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి అంటుకుంటూ పాకింది, మడతకుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి. జెలింకా నోరు తెరవకపోవడం వాళ్ళు అంతకుముందు ఎన్నడూ వినలేదు. నవ్వు తగ్గినప్పుడల్లా ఆ మౌనం ఇంకా అక్కడే, చేతులు కట్టుకుని నిలబడి ఉండేది. చూసి మళ్ళీ నవ్వేవాళ్ళు. చివరికి కొర్డీలియా చేతిలో కాగితాలు అన్నీ జారవిడిచి, రాతలో లేని మాట అనేసింది. "సరే, సరేనమ్మా తల్లీ. గదిలో ఉండు. నా వంక అలా చూడకు."

అలా ఒకే శుక్రవారం తూర్పు దేశంలో జెలింకా కాళ్ళ మీద పడింది, పడమటి దేశంలో పడలేదు.

మా పనిలోవాళ్ళు తప్ప ఇలాంటి చిక్కులో ఇంకెవరూ ఇరుక్కోలేరు. శని ఆదివారాలు ఎమెట్ పాలు తాగుతూ, పొట్ట పట్టుకుంటూ తిరిగాడు. సోమవారం కథ ఎక్కడ మొదలవ్వాలి? పడమట డెన్వర్‌లో ఒకాయనా తూర్పున డెట్రాయిట్‌లో ఆయన అన్నా టెలిఫోనులో దీని మీద పోట్లాడుకుని, ఎవరు తాగి విన్నారో తేల్చమని మాకే ఫోను చేశారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని ఫోనెత్తిన అమ్మాయి అంటే ఇద్దరికీ కోపం వచ్చింది.

బ్లాజెనాని వెంటనే తీసెయ్యాలనుకున్నాడు థార్న్. కాని రెండు ముక్కలైన కథని ముందు అతకాలి, అతకాలంటే పడమటివాళ్ళకి కూడా జెలింకా క్షమాపణ చెప్పాలి. ఆమె చెప్పనంది. కావాలంటే తూర్పువాళ్ళ దగ్గర నేనన్నది వెనక్కి తీసుకుంటాను, అతుక్కుంటుంది కదా, అంది. థార్న్ నవ్వలేదు. సోమవారం రెండు ఆటల్లోనూ ఆ మాట అనాలి, లేకపోతే పాత్ర ఆమెది కాదు, అన్నాడు. జెలింకా అనే పేరూ ఆ గొంతూ కంపెనీ సొత్తని కూడా గుర్తు చేశాడు.

"పేరు మీది. గొంతు మా అమ్మది. ఆవిడ దగ్గరికెళ్ళి అడుగు," అంది బ్లాజెనా.

సోమవారం మేం వెళ్ళేసరికి స్టూడియోలో రెండో మైకు పెట్టి ఉంది. దాని ముందు వెర్నా టప్పర్. పాతికేళ్ళ పిల్ల, మెరికలాంటిది, జెలింకా గొంతుని విని విని పట్టేసింది. బ్లాజెనా నోరు తెరవకపోతే ఆ ఒక్క మాట వెర్నా అనాలి. వినేవాళ్ళకి తేడా తెలియదు. బ్లాజెనా ఆ మైకుని చూసింది, వెర్నాని చూసింది, వెర్నా తలమీది బెరెట్ టోపీ బాగుందని చెప్పింది. వెర్నా మొహం కందిపోయింది.

ఈసారి ఎమెట్ రాతలో ఉంగరం తూములో దొరికింది. అయినా ఇంత గొడవకి కారణమైనందుకు జెలింకా క్షమాపణ చెప్పాలి. కొర్డీలియా మాట అందించింది. బ్లాజెనా నోరు మూసుకుంది. అద్దం వెనక థార్న్ వేలు వెర్నా వైపు తిరిగింది.

"క్షమించండి అమ్మగారూ, నాదే తప్పు," అంది వెర్నా. గులకరాళ్ళన్నీ సరిగ్గా దొర్లాయి.

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే బ్లాజెనా మైకు మీదికి వంగింది.

"అదెవరమ్మా మాట్లాడింది?"

జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. వాళ్ళ కళ్ళ ముందు ఇద్దరున్నారు, రేడియోల దగ్గర ఉన్నవాళ్ళకి ఒక్కరే ఉన్నారు.

"నువ్వే కదా జెలింకా," అంది కొర్డీలియా, ఏమనాలో తెలియక.

"నేనైతే నా నోరు కదలాలి. మీరు నా ఎదురుగానే ఉన్నారు. కదిలిందా?"

కొర్డీలియా చేతిలో దీనికి జవాబున్న కాగితం లేదు. ముప్పై ఏళ్ళ నాటకం ఒకవైపు, నెలనెలా జీతమిచ్చే అద్దాలగది ఒకవైపు. ఆమె బ్లాజెనా నోటివంకే చూసి నిజం చెప్పింది.

"లేదు. కదల్లేదు."

"మరి వెతికించండి ఆవిడెవరో. నా గొంతు తొడుక్కుని మీ ఇంట్లో తిరుగుతోంది. ఈసారి ఉంగరం పోతే ఆవిణ్ణి అడగండి, నన్ను కాదు."

ఆ నవ్వు నేల నుంచే లేచింది. నాటకానికి ఆర్గన్ వాయించే ఆయన మీటల మీద తల పెట్టేసుకున్నాడు. వెర్నా చేతిలోని కాగితం తనంతట తానే జారి కింద పడింది. వెర్నా కూడా నవ్వుతోందో ఏడుస్తోందో నా బల్ల దగ్గర నుంచి తెలియలేదు.

రెండో ఆటకి బ్లాజెనాని మెట్లెక్కనివ్వలేదు. జెలింకాగా వెర్నా ఒక్కతే నిలబడి, అడిగిన చోట అడిగినట్టు క్షమాపణ చెప్పింది. దాంతో కథ అతుక్కోలేదు, తిరగబడింది. ఇప్పుడు తూర్పు దేశంలో జెలింకా తలెత్తుకుని ఉంది, పడమటి దేశంలో తల దించుకుంది. ఎమెట్ ఇక అతకడానికి ప్రయత్నించలేదు. వారం తిరక్కుండా జెలింకాని ఒమాహాలో చెల్లెలింటికి పంపించేశాడు. ఆ రైలు కూత నేనే ఊదాను. చెక్క ఈలలో నాలుగు గొట్టాలుంటాయి. ఆ రోజు ఒకటి సరిగా పలకలేదు.

తరవాతి సంగతులు నేను విన్నవే. బ్లాజెనా ఒక సామాన్ల కొట్టు పైన ఉన్న చిన్న స్టేషన్లో చెక్ భాషలో ఆదివారం పూట గంటసేపు మాట్లాడేది. జెలింకా పేరు వాడటానికి వీల్లేదు కాబట్టి ఆ ఆడమనిషికి పేరు పెట్టలేదు. పద్దెనిమిదో వీధివాళ్ళు ఆమెను జెలింకా అనే పిలిచేవాళ్ళు, వీధిలో పిలుపులకి కంపెనీ అడ్డు చెప్పలేదు కదా. వాళ్ళమ్మకి మొదటిసారి కూతురి మాటలు అర్థమయ్యాయట. విని, ఇన్నాళ్ళూ ఇంత మామూలు విషయాలా చెబుతున్నావు, అందట. యుద్ధం తరవాత బ్లాజెనా అయోవాకి వెళ్ళిపోయింది. అక్కడే పోయిందని కొర్డీలియా చెప్పింది.

నేను ఆమెను ఆఖరుసారి చూసింది మాత్రం జెలింకా రైలెక్కిన మర్నాడు. థార్నే నన్ను పంపాడు. జెలింకాని ఒమాహాకి పంపినందుకు ఫోన్లలో ఫిర్యాదులు వెల్లువెత్తాయి, ఆమెను వెనక్కి తెమ్మని, అదీ అసలు జెలింకానే తెమ్మని. వెర్నా గొంతులో ఏదో లేదని జనం కనిపెట్టేశారు, ఏం లేదో ఎవరూ చెప్పలేకపోయారు. అందుకని థార్న్ ఒక మెట్టు దిగాడు. బ్లాజెనా ఆయన గదికి రావాలి, తలుపు వేసుకుని ఒక్క మాట, పొరపాటైందని, ఆయనతో అనాలి. ఆ మాట రేడియోలోకి పోదు, ఎవరికీ చెప్పరు. మర్నాటి నుంచి పాత్ర ఆమెదే, ఇక వంగమని ఎవరూ అడగరు.

నాకు అది మంచి బేరమనే అనిపించింది. ట్రాములో దారి పొడుగునా ఎలా చెప్పాలో వల్లె వేసుకున్నాను. ఆమె వంటింట్లో ఉంది, మోచేతుల దాకా పిండి. తల్లి రేడియో పక్క కుర్చీలో కూర్చుని, పలకని రేడియో మీద చెయ్యి ఆన్చి కునుకు తీస్తోంది. గాజు కిటికీ మీద ఆవిరి పట్టి, వీధంతా పాలల్లో ముంచినట్టుంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. పని లేకుండా ఈ చలికాలం గడవదన్నాను. ఆ గదిలో మైకు లేదు కదా అని కూడా అన్నాను.

బ్లాజెనా ఒక ఉండ చుట్టి మరిగే నీళ్ళలో వేసింది. అది మునిగి, కాసేపటికి తేలింది. అప్పుడు నా వైపు తిరిగింది. తల్లి లేస్తుందని గొంతు తగ్గించి, ఎవరి గొంతూ వేయకుండా తన గొంతుతోనే మాట్లాడింది.

"జనం వినేచోట అనని మాట, వాళ్ళు విననిచోట అంటానా? వెళ్ళి చెప్పు తలుపులయ్యా. నేను ఇంట్లో లేనని మాత్రం చెప్పకు, నీకు అబద్ధం రాదు. ఇంట్లోనే ఉంది, రానంది, అట్టాగే చెప్పు."